712 కిలోమీటర్లు నన్ను మోసిన ఫోమ్

ఫతేఖాన్‌పేటలో వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన చేతికి నా కుడికాలి బూటు ఇచ్చి, నిలువునా రెండు ముక్కలు చేయమన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అడుగు అరగలేదు, పైన చిరగలేదు. ఇంకో ఏడాది వస్తుందమ్మా, ఎందుకు కోయడం?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కంటికి కనిపించేదంతా బాగానే ఉంది. ప్రాణం పోయింది లోపలి ఫోమ్‌కు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకే 14 నెలలూ 712 కిలోమీటర్లూ పట్టాయి.

నేను నెల్లూరులో హైస్కూలు ఫిజికల్ సైన్స్ టీచర్ని. వయసు 44, బరువు 68 కిలోలు. ఇరవై ఏళ్లు గచ్చు నేల మీద నిలబడి పాఠాలు చెప్పిన పుణ్యమా అని మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద కాలు మోపినట్టు ఉండేది. డాక్టరు గారు మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు వేసుకోమన్నారు, పిక్కలు సాగదీసే వ్యాయామం నేర్పారు, బరువు తగ్గమన్నారు. తగ్గడం కోసం నడక మొదలుపెట్టాను. నడక విసుగు పుట్టి పరుగులోకి దిగాను. పరుగంటే మరీ ఊహించుకోకండి, కిలోమీటరుకు ఏడు నిమిషాలు. వారంలో రెండు రోజులు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఐదారు కిలోమీటర్లు, ఆదివారం తెల్లవారుజామున పెన్నా బ్యారేజీ వైపు 12 నుంచి 15. పరిగెత్తిన ప్రతి కిలోమీటరూ పాత మార్కుల రిజిస్టరు వెనక పేజీల్లో రాసి పెట్టుకున్నాను. అలవాటు.

ఈ సమీక్ష ఒక పేరున్న కంపెనీ వారి నైట్రోజన్ ఫోమ్ బూట్ల గురించి. పేరు చెప్పను. ఇందులో పొగడ్తా ఉంది, ఫిర్యాదూ ఉంది. పేరు చెబితే మాట ఫోమ్ మీద నుంచి కంపెనీ మీదకు మళ్లుతుంది. ఇలాంటి ఫోమ్ ఇప్పుడు చాలామంది తయారుచేస్తున్నారు కాబట్టి పేరుతో పెద్ద పని కూడా లేదు.

కొన్నది 2024 సంక్రాంతి తర్వాత. అంతకుముందు ఒకసారి మోసపోయాను, ముందు అది చెప్పాలి. ట్రంకు రోడ్డులో ఒక దుకాణంలో కుర్రవాడు బూటు లోపల బొటనవేలితో నొక్కి చూపించాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండి, మెల్లగా పూడింది. "మెమొరీ ఫోమ్ మేడం, మబ్బు మీద నడిచినట్టు ఉంటుంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. దుకాణంలో నాలుగు అడుగులు వేస్తే మెత్తగా, హాయిగా ఉంది. మూడు వేల రెండు వందలు పోసి కొన్నాను. రెండో కిలోమీటరుకే మడమ కింద నేల తగలడం మొదలైంది.

కారణం తర్వాత కాగితం మీద లెక్క వేస్తే బోధపడింది. నేను నిమిషానికి దాదాపు 170 అడుగులు వేస్తాను. అంటే ఒక్కో కాలు నిమిషానికి 85 సార్లు, సుమారు 0.7 సెకన్లకు ఒకసారి నేలను తాకుతుంది. తాకి ఉన్న సమయం తీసేస్తే, ఫోమ్ మళ్లీ పైకి లేవడానికి మిగిలేది అర సెకను కూడా కాదు. దుకాణం కుర్రవాడి వేలి గుంట పూడటానికి రెండు సెకన్లు పట్టింది. అంటే ఆ ఫోమ్ లేచే లోపు నా మడమ మూడుసార్లు పడుతుంది, పడిన ప్రతిసారీ నలిగిన దాని మీదే. గుంట నిలిచి ఉండటం కుర్చీకి గుణం, పరుగు బూటుకు దోషం. పైగా ఆ మెమొరీ ఫోమ్ లోపల పరిచే పలుచని అట్ట మాత్రమే. అసలు పని చేసేది దాని కింద, అడుగు రబ్బరుకు పైన ఉండే దళసరి పొర, మిడ్‌సోల్. దుకాణంలో దాని గురించి ఒక్కరూ నోరు విప్పరు. వేలు పెట్టి చూపించడానికి వీలుండదు కదా.

రెండోసారి కొన్నప్పుడు వేరే దుకాణం, వేరే కుర్రవాడు, కొత్త పాట. "ఇందులో నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది మేడం, కారు టైరులో నింపుతారే, అదే" అన్నాడు. పెట్రోలు బంకులో నైట్రోజన్ బోర్డు చూసి చూసి నేను కూడా అరక్షణం నమ్మాను. తర్వాత నాలోని సైన్స్ టీచరు లేచింది. ఎక్కడా వాల్వు లేదు, సంచి లేదు, గ్యాస్ ఎక్కడ ఉంటుంది?

ఉండదు. నైట్రోజన్ బుడగలు చేయడానికి వచ్చిపోయే చుట్టం. ఫోమ్ అంటే ప్లాస్టిక్‌లో కోట్ల కొద్దీ చిన్న బుడగలు. 1970ల నుంచీ పరుగు బూట్లలో ఎక్కువగా వాడింది ఈవీఏ అనే ఫోమ్. అందులో బుడగలు రావడానికి ఒక రసాయనం కలిపి వేడిచేస్తారు, ఎక్కువగా అజోడైకార్బొనమైడ్. అది విడిపోయి గ్యాస్ వదులుతుంది. తమాషా ఏమిటంటే అలా వచ్చే గ్యాస్‌లోనూ ఎక్కువ భాగం నైట్రోజనే. ఇడ్లీ పిండి పులిసి పొంగినట్టు, లోపల పుట్టిన గ్యాసే దాన్ని లేపుతుంది. ఇడ్లీని విరిచి చూస్తే కొన్ని పెద్ద రంధ్రాలు, కొన్ని చిన్నవి, ఒక మూల గట్టిగా ఉంటుందే, అలా. కొత్త పద్ధతి గోలీ సోడా లాంటిది. మూసిన పాత్రలో విపరీతమైన ఒత్తిడి మీద గ్యాస్‌ను ప్లాస్టిక్‌లోకి ఇంకేలా చేస్తారు. ఆ స్థితిలో గ్యాస్ ఇటు వాయువూ కాదు, అటు ద్రవమూ కాదు, రెండింటి గుణాలూ ఉంటాయి. దాన్నే సూపర్‌క్రిటికల్ అంటారు. తర్వాత ఒత్తిడి ఒక్కసారిగా వదిలేస్తారు. గోలీ కిందకు నొక్కగానే సోడాలో బుస్సుమని బుడగలు లేచినట్టు, ప్లాస్టిక్ నిండా ఒకే తీరున సన్నని బుడగలు పుడతాయి. కొన్నాళ్లకు ఆ గ్యాస్ మెల్లగా బయటకు పోయి గాలి చేరుతుంది. మనం డబ్బు పోసేది గ్యాస్‌కు కాదు, అది విడిచి వెళ్లిన బుడగల తీరుకు. గోడలు పలుచన, బరువు తక్కువ. వంటింటి తూకం మీద పెడితే నా పాత ఈవీఏ బూటు ఒక్కటి 318 గ్రాములు, కొత్తది 246.

వెల 8,400. ఇంట్లో అసలు ధర చెప్పలేదు. మా ఆయన ఇది చదివితే ఇప్పుడే తెలుస్తుంది.

తెచ్చిన రోజే బూట్లను బడికి పట్టుకెళ్లాను. తొమ్మిదో తరగతికి పని, శక్తి పాఠం నడుస్తోంది. ల్యాబులో సరళ లోలకానికి వాడే ఇనుప గుండు తీసి, మీటరు స్కేలు గోడకు ఆనించి, 50 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గుండును బూటు లోపల మడమ చోట వదిలాం. లోపలి అట్ట తీసేశాం. ఎంత ఎత్తు లేస్తుందో ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూశాం. 520 కిలోమీటర్లు పరిగెత్తిన నా మొదటి ఈవీఏ బూటులో గుండు 19 సెంటీమీటర్లు లేచింది. మెమొరీ ఫోమ్ బూటులో, దాని అట్ట తీయకుండా వేస్తే, 9. కొత్త దాంట్లో 27. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక పిల్లవాడు మాత్రం లేచి "టీచర్, మిగతా 23 ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. ఆ రోజు పాఠం అక్కడే పూర్తయింది. వేడిగా పోయింది. పదిహేను కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి బూటు విప్పి మడమ చోట చెయ్యి పెట్టండి, ఆ 23 అక్కడ వెచ్చగా తగులుతుంది.

నా కొలత నాటు కొలత. గుండు చిన్నది, మనిషి పెద్దది. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగు మీద శరీర బరువుకు రెండింతలకు పైగా భారం పడుతుంది, ఆ భారంతో ఫోమ్ నడత వేరు. అసలు లెక్క కొలరాడో విశ్వవిద్యాలయంలో తీశారు. నైకీ వారి కొత్త బూటును, అడిడాస్ బూస్ట్ ఫోమ్ బూటును, మామూలు ఈవీఏ పందెం బూటును యంత్రంతో నొక్కి వదిలితే, నొక్కిన శక్తిలో తిరిగి వచ్చింది వరసగా 87, 75.9, 65.5 శాతం. 18 మంది వేగమైన రన్నర్లను పరిగెత్తించి చూస్తే, మొదటి బూటుతో ఖర్చయిన శక్తి మిగతా వాటి కంటే సగటున 4 శాతం తక్కువ. 2017లో వచ్చిన ఆ నైకీ బూటు పేరులోనే నాలుగు శాతం ఉంది. దాని ఫోమ్ పీబా అనే ప్లాస్టిక్‌తో చేసింది. బూస్ట్ 2013లో వచ్చింది, టీపీయూ అనే ప్లాస్టిక్ గుళికలను పేలాల్లా ఉబ్బించి ఒకదానికొకటి అతికించినది. నేను కొన్నది పీబా కాదు, ఈవీఏ కలిపిన ప్లాస్టిక్‌నే కొత్త పద్ధతిలో పొంగించినది. ఈ తేడా పెట్టె మీద ఎక్కడా ఉండదు. నైట్రోజన్ అన్న మాట మాత్రం అరచేతి పొడవు అక్షరాల్లో ఉంటుంది.

సరే, కాళ్లకు ఎలా ఉంది?

మొదటి రెండు వారాలు బాగాలేదు. పిక్కలు పట్టేశాయి. పాత బూటులో మడమ భాగం ముందు భాగం కంటే పది మిల్లీమీటర్లు ఎత్తు, ఇందులో ఆరే. ఆ నాలుగు మిల్లీమీటర్ల పని పిక్క మీద పడింది. దుకాణంలో ఎవరూ చెప్పని రెండో సంగతి ఇది. వారంలో ఒక్కరోజు మాత్రమే వేసుకుని, మెల్లగా పెంచాను. నెల తిరిగేసరికి సర్దుకుంది.

ఆ తర్వాత ఆదివారాలు మారిపోయాయి. ఆ మార్పు పరిగెత్తేటప్పుడు తెలియలేదు, సోమవారం తెలిసింది. అంతకుముందు 12 కిలోమీటర్లు పరిగెత్తిన మర్నాడు బడి మెట్లు గోడ పట్టుకుని దిగేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలు నా నడకను అనుకరించి నవ్వుకోవడం కిటికీలోంచి చూశాను కూడా. ఫిబ్రవరి చివరకు మామూలుగా దిగుతున్నాను. వేగం పెరిగిందా అంటే లేదు. రిజిస్టరులో ఏడు నిమిషాలు ఏడు నిమిషాలుగానే ఉంది. డిసెంబరులో విశాఖపట్నం వెళ్లి హాఫ్ మారథాన్ పరిగెత్తాను, 2 గంటల 36 నిమిషాలు. బీచ్ రోడ్డు ఎత్తుపల్లాల్లో చివరి నాలుగు కిలోమీటర్లు నడక, పరుగు కలిసిపోయాయి. కానీ ఆ రాత్రి రైలులో పై బెర్తు ఎక్కగలిగాను. నాకు కావలసింది అదే.

మడమ నొప్పి తగ్గింది. అదంతా బూటు చలవే అని మాత్రం అనను. పిక్కలు సాగదీయడం రోజూ చేశాను, ఐదు కిలోలు తగ్గాను, ఇంట్లో కూడా చెప్పులు విడవలేదు. ఎవరి వాటా ఎంతో విడదీయలేను. లక్సెంబర్గ్‌లో 848 మంది మామూలు రన్నర్లకు చూడటానికి ఒకేలా ఉండే మెత్తవి, గట్టివి బూట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. గట్టి బూట్ల వారికి గాయాలు ఎక్కువయ్యాయి. అయితే మెత్తదనం మేలు బరువు తక్కువ ఉన్నవారిలోనే స్పష్టంగా కనిపించింది. బరువున్నవారికే మెత్తటి బూటు ఎక్కువ కావాలని దుకాణాల్లో చెప్పే మాటకు ఇది సరిగ్గా తలకిందులు. లావుగా ఉన్నారు కదా అని మీకు ఎవరైనా ఖరీదైన జత అంటగట్టబోతే ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఒక తప్పు నేనే చేశాను. పరుగుకు ఇంత హాయిగా ఉంటే నిలబడటానికి ఇంకెంత బాగుంటుందో అని, మూడు రోజులు ఈ బూట్లతోనే బడికి వెళ్లాను. రెండో పీరియడ్‌కే పడవలో నిలబడి పాఠం చెబుతున్నట్టు అయింది. ఈ బూట్ల అడుగు ముందుకు దొర్లేలా కాస్త ఒంపుగా ఉంటుంది. కదులుతున్నంతసేపు అది సాయం, ఆగితే చిక్కు. చీలమండ నిలకడ కోసం రోజంతా పెనుగులాడుతుంది. నాలుగో రోజు ఎంసీఆర్ చెప్పులకే తిరిగొచ్చాను. మూడు వందల యాభై రూపాయల ఎంసీఆర్ చెప్పులు నిలబడే పనిలో ఎనిమిది వేల బూటును నిలబెట్టి ఓడించాయి.

మన దారుల గురించి చెప్పాలి. అడుగు ఎత్తైన బూటు చదునైన చోట రాజా. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట పాదం ఒక పక్కకు ఒరుగుతుంది. పొదలకూరు రోడ్డులో లారీకి దారి ఇవ్వడానికి అంచుకు దిగి రెండుసార్లు మడమ తిరగబోయింది. అప్పటి నుంచి తెల్లవారకముందు రోడ్డు నడిమినే పరిగెత్తి, బండి వెలుగు కనిపిస్తే ఆగిపోవడం అలవాటు చేసుకున్నాను. పరిగెత్తుతూ తప్పుకోవడం ఈ బూట్లతో కుదరదు.

అయితే ఎత్తుకు ఒక ఊహించని లాభం ఉంది. జొన్నవాడ వెళ్లే దారిలో ఒక ఆదివారం ఎడమ బూటు కింద ప్రతి అడుగుకూ టిక్కు టిక్కుమని చప్పుడు. కంకర రాయి ఇరుక్కుందనుకుని పట్టించుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే, రబ్బరు లేని చోట ఫోమ్‌లో నల్లని చుక్క. కనుబొమల పట్టకారుతో పట్టుకుని లాగితే వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. స్కేలు మీద పెడితే 23 మిల్లీమీటర్ల తుమ్మ ముల్లు. మడమ కింద ఆ బూటు మందం వెర్నియర్ కాలిపర్స్‌తో 36 మిల్లీమీటర్లు. పాత బూటయితే ముల్లు నన్ను ముందే పలకరించేది. అరకిలోమీటరు దూరం నా బరువంతా దాని మీద వేసి తొక్కినా పాదానికి కబురు అందలేదు. ముల్లును డబ్బాలో దాచాను.

ఇక ఫిర్యాదు. ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ రోజులవి. పొద్దున స్టేడియంలో పరిగెత్తి, బూట్లు విప్పి స్కూటర్ డిక్కీలో పడేసి, చెప్పులతో అటు నుంచి అటే డ్యూటీకి వెళ్లాను. స్కూటర్ సాయంత్రం దాకా ఎండలోనే. నెల్లూరు ఎండ గురించి నెల్లూరు వారికి చెప్పనక్కర్లేదు. డిక్కీ తెరిస్తే వేడి ముఖాన కొట్టింది. కుడి బూటు ముందు భాగంలో అడుగు రబ్బరు నాలుకలా వేలాడుతోంది. జిగురు కరిగిపోయింది. ఫోమ్ నొక్కితే అప్పం పిండిలా మెత్తబడి ఉంది. చల్లారాక మామూలుగా అయింది కానీ, ఆ రోజు తర్వాత ఆ బూటు ముందు అంచున సన్నని ముడత ఒకటి శాశ్వతంగా నిలిచిపోయింది. కంపెనీ నంబరుకు ఫోను చేస్తే, బిల్లు అడిగారు, ఫొటోలు అడిగారు, పది రోజుల తర్వాత అధిక వేడి వల్ల జరిగిన దానికి పూచీ లేదన్నారు. తప్పు నాదే కావచ్చు. కానీ ఈ దేశంలో ఎనిమిది నెలలు ఎండ ఉంటుందని తెలిసి అమ్ముతున్నవారు, ఎండలో ఉంచవద్దు అన్న ముక్క పెట్టె మీద తెలుగులోనో హిందీలోనో వేయడానికి ఏమైంది? నైట్రోజన్ అని వేసిన అక్షరాల్లో పదో వంతు చాలు.

అప్పుడే మొదటిసారి ఫతేఖాన్‌పేట పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన ముందు ఆరెతో కుట్టబోయి, ఒక పోటు పొడిచి ఆగిపోయాడు. "ఇది తోలు కాదమ్మా. దారం బిగిస్తే కోసుకుపోతుంది" అన్నాడు. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరబెట్టి, మళ్లీ పూసి, అతికించి సుత్తితో తట్టాడు. అరవై రూపాయలు. ఆ అతుకు 500 కిలోమీటర్లు ఊడలేదు. కంపెనీ జిగురు మాత్రం మూడు నెలలకే ఊడింది.

వానల సంగతి క్లుప్తంగా. అక్టోబరు, నవంబరులలో మనకు పడే వానలకు బూటు తడవకుండా ఉండదు. ఫోమ్ నీళ్లు పెద్దగా పీల్చదు, పై గుడ్డ పీలుస్తుంది. లోపల వార్తాపత్రిక కూరి ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరుతుంది. ఎండలో వద్దు. మైపాడు ఇసుకలో ఒకసారి పరిగెత్తాను, ఇక పరిగెత్తను. బయటకు కనిపించే ఫోమ్ గీతల్లోకి ఇసుక దూరి, బ్రష్షుతో రుద్దినా పూర్తిగా వదలలేదు.

మార్చి 2025 వచ్చేసరికి ఏదో తేడా తెలుస్తోంది. 600 దాటాక ఆదివారం సాయంత్రాలు మోకాళ్ల కింద పాత బరువు తిరిగొచ్చింది. నిద్ర చాలలేదేమో, వయసేమో, పరీక్షల హడావుడేమో అనుకున్నాను. బూటును మాత్రం అనుమానించలేదు, ఎందుకంటే తిప్పి చూస్తే అడుగు రబ్బరు చక్కగా ఉంది. మన అలవాటే అది. స్కూటర్ టైరు చూసినట్టు బూటు అడుగు చూస్తాం. చివరకు అదే రకం కొత్త జత తెప్పించి, ఎడమ కాలికి కొత్తది, కుడికి పాతది వేసుకుని హాలులో అటూ ఇటూ నడిచాను. పదో అడుగుకే తెలిసిపోయింది. కుడికాలు చిన్న గుంటలో పడి లేస్తున్నట్టు ఉంది. మా ఆయన పేపరు మీద నుంచి చూసి, "ఒక కాలు పొట్టిదైందా?" అన్నారు. వెర్నియర్ కూడా అదే అంది. 36 ఉన్నది మడమ బయటి వైపున 33.5 అయింది. పక్క నుంచి చూస్తే, కాగి చల్లారిన పాల మీద మీగడ ముడతలు పడినట్టు ఫోమ్ నిండా అడ్డంగా సన్నని గీతలు.

గుండును మళ్లీ వదిలాం. 27 లేచింది కాస్తా 22 అయింది. ఏడాది కిందటి ప్రశ్న అడిగిన పిల్లవాడే ఈసారి స్కేలు పట్టుకున్నాడు. లెక్క కూడా వాడితోనే వేయించాను. 712 కిలోమీటర్లు, కిలోమీటరుకు ఏడు నిమిషాలు, నిమిషానికి 85 సార్లు. ఒక్కో బూటు నన్ను 4,23,640 సార్లు కింద నుంచి పట్టుకుంది. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. నా బరువుకు, నా డిక్కీ పాపానికి 600 అని పెట్టుకున్నాను.

ఖరీదైన రకం గురించి కూడా అడుగుతారని తెలుసు. మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉంటాడు, వేగంగా పరిగెత్తుతాడు. సెలవులకు వచ్చినప్పుడు తన పీబా బూట్లు ఒక నెల నా దగ్గర వదిలి వెళ్లాడు. మా ఇద్దరిదీ ఒకే సైజు, నా పాదం మగవారి పాదమంత వెడల్పు లెండి. ఫోమ్ మధ్యలో కార్బన్ ప్లేటు, అంటే గట్టి కార్బన్ రేకు, ఉన్నవి. 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసింది ఇలాంటి బూట్లతోనే. తర్వాత 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య కలగజేసుకుని, రోడ్డు పందేలకు అడుగు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదు, ప్లేటు ఒక్కటే ఉండాలి అని గీత గీసింది. మా గుండు ఆ బూటులో 35 సెంటీమీటర్లు లేచింది, 50లో 35. నేను మాత్రం లేవలేదు. కిలోమీటరుకు ఐదు నిమిషాల లోపు పరిగెత్తేవారిని అది ముందుకు తోస్తుందట. నాలాగా ఏడు నిమిషాలకు వెళ్తే పక్కలకు ఊగుతుంది, మలుపుల్లో భయపెడుతుంది. మూడుసార్లు వేసుకుని అటక ఎక్కించాను. మేనల్లుడు ఫోనులో "ఎలా ఉన్నాయి అత్తా?" అంటే, "గుర్రం బాగుంది, ఎక్కినదే బాగాలేదు" అన్నాను.

మా బడి పీఈటీ సారు ఈ వ్యవహారమంతా చూసి నవ్వుతుంటారు. "టీచర్ గారూ, శివనాథ్ సింగ్ కాళ్లకు బూట్లు లేకుండా పరిగెత్తేవాడు. 1978లో జలంధర్‌లో మారథాన్ 2 గంటల 12 నిమిషాలు. నలభై ఏళ్లకు పైగా బూట్లు వేసుకున్న ఏ భారతీయుడూ దాన్ని అందుకోలేకపోయాడు" అంటారు. కాదనలేను. కాకపోతే శివనాథ్ సింగ్ రోజుకు ఆరు పీరియడ్లు గచ్చు మీద నిలబడి పాఠం చెప్పలేదు సార్, అన్నాను.

ఇంకొక ముచ్చట. మా బడిలో చదివిన ఒక అమ్మాయి తడ దగ్గర మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో కుట్టు విభాగంలో పనిచేస్తోంది. తడ 2022 దాకా మన నెల్లూరు జిల్లానే, అడిడాస్ బూట్లు అక్కడే తయారవుతాయి. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో నా బూటు చూసి చేతిలోకి తీసుకుంది. ఇది వాళ్ల దగ్గర తయారైంది కాదు. అయినా బూటు నాలుక వెనక్కి తిప్పి చీటీ చదివింది, మడమ దగ్గర కుట్టు మీద గోరు నడిపింది, లోపల చెయ్యి పెట్టి అట్ట అంచు తడిమింది. అంతా పది సెకన్లు. "కుట్టు బాగుంది టీచర్. ముందు వైపు మాత్రం ఎవరో చేత్తో అతికించారు" అంది. పెద్దాయన అతుకును నేను ఎవరికీ చూపించలేదు, అప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

ఖర్చు లెక్క. 8,400కు అరవై కలిపితే, 712 కిలోమీటర్లకు, కిలోమీటరుకు పన్నెండు రూపాయలకు చిల్లర తక్కువ. షేర్ ఆటో కంటే ఖరీదే. రోజూ నడిచేవారికి ఇది దండగ. నడకలో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది, అంత దెబ్బ పడదు, మంచి ఈవీఏ బూటు చాలు. వారానికి ఇరవై కిలోమీటర్లకు పైగా పరిగెత్తేవారు, ముఖ్యంగా నలభై దాటినవారు కొనవచ్చు. సాయంత్రం పూట వెళ్లి కొనండి, అప్పటికి పాదం ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. ఆడవారి సైజుల్లో వెడల్పు రకం అడిగితే మన ఊళ్లో దుకాణాల వారు ఇప్పటికీ వింతగా చూస్తారు. మొహమాటపడకుండా మగవారి జతలో ఒక సైజు తగ్గించి వేసి చూడండి, నేను వేసుకున్నవి అవే. జత కొన్న రోజే పక్క నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ముడతలు పోల్చడానికి అదే ఆధారం.

పెద్దాయన చివరకు కోశాడు. పై గుడ్డకు కత్తెర, అడుగుకు రంపం. ఫోమ్ జున్నులా తెగింది. కోత మీద భూతద్దం పెడితే ముందు భాగంలో బుడగలు గుండ్రంగానే ఉన్నాయి. మడమ చోట మాత్రం అన్నీ నలిగి పక్కకు వాలి ఉన్నాయి, గాలివానకు వరిచేను పడుకున్నట్టు. ఒక సగం మా ల్యాబు బీరువాలో, ముల్లు డబ్బా పక్కన ఉంది. రెండో సగం పెద్దాయన అడిగి ఉంచుకున్నాడు. మొన్న అటు వెళ్తే, ఆ ఫోమ్‌ను పలకలుగా కోసి ఎవరి చెప్పులకో మడమ కింద అతికిస్తున్నాడు. ముందు భాగం ఫోమ్ మాత్రమే వాడుతున్నాడు. వెనక భాగం పనికిరాదని నేనేమీ చెప్పలేదు, వేలితో నొక్కి ఆయనే పక్కన పడేశాడట.